దేవుని ముంతలో కొర్ర పొట్టు

మా అమ్మను ఎరిగినవాళ్లంతా ఆమెను తృప్తిగల మనిషి అంటారు. నిజమే. కాని ఆ తృప్తి ఆమెకు పుట్టుకతో వచ్చిందనుకుంటే పొరపాటు. ఆమె దాన్ని నేర్చుకుంది. అదీ నా కళ్లముందు, గుడినిండా జనం చూస్తుండగా. నేర్పింది నేనేనని గొప్పలు పోను. నేను చేసింది దొంగపని.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఎక్కడో దేశాల్లో యుద్ధం నడుస్తోంది. బేతంచెర్ల పక్కనున్న మా పల్లెకు వానలు రెండేళ్లుగా మొహం చాటేశాయి. నాయన నాపరాళ్ల గనిలో పనిచేసేవాడు. ఒకనాడు గడ్డపారతో లేపుతున్న బండ జారి ఆయన కుడి పాదం మీద పడింది. ప్రాణం దక్కింది కాని ఆర్నెల్లు మంచం దిగలేదు. ఆయన బదులు అమ్మ గనికి పోయి రాళ్లముక్కలు గంపకెత్తి మోసేది. వచ్చిన కూలికి కొర్రలు తెచ్చేది. తినేవాళ్లం నలుగురం: నాయన, అమ్మ, నేను, నాలుగేళ్ల చెల్లెలు.

మా పల్లెలో ఏసు గుడికి ప్రార్థనకు పోయే ఇళ్లకు ఒక అలవాటు ఉండేది. పూటపూటకూ ఎసట్లో పోసేముందు గింజల్లోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న ముంతలో వేయాలి. దాన్ని దేవుని ముంత అనేవాళ్లం. ఆదివారం ఆ ముంతలన్నీ గుడికి తీసుకుపోయి, ముందు పరిచిన చాప మీద వంచేవాళ్లు. ఆ కుప్ప ఆ వారం జరుగుబాటు లేని ఇంటికి పోయేది. కాకపోతే లేనివాళ్లు లేచి నిలబడి మాకు లేదని నోరు తెరిచి చెప్పాలి. అడగనివాళ్లకు పెట్టి వాళ్లను చిన్నబుచ్చకూడదని పెద్దల కట్టడి.

అమ్మ అడిగేది కాదు. ఆదివారం ఆదివారం ఉపదేశి, అంటే మాకు ప్రార్థన నడిపే పెద్దాయన, "ఈ వారం ఎవరింట్ల జరగలేదమ్మా?" అని అడిగేవాడు. అడిగి మా అమ్మవైపే చూసేవాడు. నాయన కాలు సంగతి ఊరందరికీ తెలుసు కదా! అమ్మ తల పైకెత్తి, "మాకు సాలు అయ్యా, దేవుడిచ్చింది సాలు" అనేది. ఆడవాళ్లంతా మెచ్చుకోలుగా తల ఊపేవాళ్లు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

ఆమెను తక్కువ చేయడం లేదు. నెత్తిన రాళ్లగంపతో మిట్ట ఎక్కుతూ కీర్తనలు పాడే మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఎండకు కాళ్లు బొబ్బలెక్కినా, ఇంటికొస్తూనే నాయన పుండు కడిగి, ఆకుపసరు పోసి కట్టు కట్టేది. ఒక్కనాడు విసుక్కోలేదు. విసుగంతా నాయనదే. "దేవునికేం కరువొచ్చిందే? మన తపేల్లో చెయ్యి పెడతాండాడు" అనేవాడు. "మనకంటే లేనోళ్లుండారు" అనేది అమ్మ. "యాడుండారు? చూపీ!" అని మంచం మీది నుంచి అరిచేవాడు. లోపల నేను నాయన పక్షమే.

ఒక సాయంత్రం నాయనతోపాటు గనిలో పనిచేసే సాయిబు భార్య నాలుగు జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి తెచ్చింది. వేడి ఇంకా తగ్గలేదు. చెల్లెలు చెయ్యి చాచింది. అమ్మ ఆ చేతిని మెల్లగా వెనక్కి తీసి, "మాకుండాది అక్కా, పిల్లోళ్లకు పెట్టుకో" అని పంపించేసింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అనే సామెతను మా ఇంటిని చూసే కట్టారనుకున్నాను.

ఆ వారమే చెల్లెలి కాళ్లకు నీరు పట్టింది. వేలితో నొక్కితే గుంటపడి అట్లాగే ఉండిపోయేది. ఆడుకోవడం మానేసి గోడకు ఆనుకుని కూర్చునేది. కిందటేడు కాళ్లు వాసిన మరో ఇంటి పిల్లను పూడ్చిపెట్టడం నేను చూశాను. ఇది కూడా పోతుందని భయం పట్టుకుంది.

అమ్మ గనిలో ఉంటుంది కాబట్టి కొర్రలు దంచడం, చెరగడం, వండటం నా పనే. పోయేటప్పుడల్లా "పిడికెడు మాత్రం మరవొద్దు పాపా" అని చెప్పిపోయేది. సోమవారం ఆ పిడికెడు తీసి ముంత మీదికి చెయ్యి చాచాను. గోడ దగ్గర చెల్లెలు కనిపించింది. చెయ్యి తిప్పి ఎసట్లో పోసేశాను. మంగళవారమూ అంతే. ఇక వారమంతా అదే వరస. ఆ పిడికెడు అన్నం వేరుగా తీసి, అమ్మ రాకముందే చెల్లెలికి తినిపించేదాన్ని.

శనివారం వచ్చింది. మర్నాడు గుడికి పోవాలి. ముంత ఖాళీ! రోటి దగ్గరి కొర్ర పొట్టు తెచ్చి ముంతలో ముప్పాతిక నింపాను. పైన రెండు పిడికిళ్లు కొర్రబియ్యం పరిచాను. చూస్తే కళ్లకద్దుకోవాలనిపించేట్టుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. తేలికగా ఉందని అమ్మకు తెలియకుండా గుడిదాకా నేనే మోసుకుపోయాను.

ముంత వంచితే పైనున్నది ముందు పడుతుంది, అడుగునున్నది దాని నెత్తిన పడుతుంది. ఇది పసిపిల్లకు కూడా తెలుసు. నా బుర్రకు తట్టలేదు. అమ్మ ముంత అందుకోగానే ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అయినా వంచింది. ముందు కొర్రబియ్యం పడ్డాయి. వెనకే బొళుక్కున పొట్టంతా వచ్చి, అందరి గింజల మీద కుప్పగా కూర్చుంది.

 అంతలో ఒక ముసలావిడ పకపకా నవ్వి, "ఏమ్మే, దేవుడు ఎద్దనుకున్న్యావా, పొట్టు పోస్తాండావు?" అంది. నలుగురు నవ్వారు. అమ్మ మొహం నల్లబడిపోయింది. నావైపు తిరిగి చూసింది. నన్ను చూపించి నా బిడ్డ చేసిందని ఒక్క మాట అంటే ఆమె పరువు దక్కేది. అనలేదు. తల వంచుకుని, "తప్పైపోయింది అయ్యా, నాదే" అంది.

ఆ మాట విని నేను ఆగలేకపోయాను. "ఆమెది కాదు, నేనే పోసినా!" అని అరిచేశాను. "చెల్లెలి కాళ్లు వాసినాయి. మా అమ్మ ఎవురేం పెట్టినా సాలు సాలంటాది. మాకు సాలడం లేదు! దేవునికి పెట్టేది దానికి పెట్టినా. సంపితే సంపుకోండి!" ఏడుపుతో ఇంకేమేమో అన్నాను.

ఉపదేశి నన్ను కసరలేదు. అమ్మవైపు తిరిగి, ప్రతి వారం అడిగే ప్రశ్నే అడిగాడు. "మీ ఇంట్ల జరగడం లేదా అమ్మా?"

అమ్మ నిలబడే ఉంది. కొంగు కొస వేళ్లకు చుట్టుకుంది, విప్పుకుంది. కాదంటుందేమో, పాడుపట్టు పట్టుకుని మళ్లీ తల ఎత్తుతుందేమోనని ఆమెనే చూస్తున్నాను.

"జరగడం లేదయ్యా" అంది చివరికి. "శానా దినాలైంది. పిల్లది అబద్ధం చెప్పలేదు."

ఇందాక నవ్విన ముసలావిడే చాట తెచ్చి అమ్మ చేతికిచ్చి, పక్కన చతికిలబడింది. ఇద్దరూ కలిసి గుడి గుమ్మంలో కూర్చుని ఆ కుప్పంతా చెరిగారు. నా పొట్టు గాలికి పోయింది. గింజలు అమ్మ కొంగులోకి వచ్చాయి. అంతమంది ముందు కొంగు పట్టడానికి ఆమెకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. గనిలో మోసిన రాళ్లేవీ ఆమెకు అంత బరువనిపించి ఉండవు.

తర్వాతి సంగతి ముందే చెప్పేస్తాను. చెల్లెలు బతికింది. నాయన కర్ర పట్టుకుని నడిచాడు. కరువు మాత్రం ఇంకో ఏడాది ఉంది. ఆ ఏడాదంతా ఇంట్లో గింజలున్న వారం అమ్మ ముంత వంచింది, లేని వారం లేదని చెప్పింది. రెండూ ఒకే గొంతుతో చేసింది. సాయిబు భార్య రొట్టెలు తెస్తే ఎదురుపోయి తీసుకుంది. ఆమెను చూసి నేను అసూయపడింది అప్పుడే. ఆ నిమ్మళం నాకు ఇప్పటికీ పూర్తిగా చేతకాలేదు.

ఆ ఆదివారం ఇంటికి రాగానే అమ్మ నా నెత్తిన గట్టిగా ఒక మొట్టికాయ వేసింది. "ఇది పొట్టుకు" అంది. గుడిలో అరిచినదానికి కూడా ఇంకోటి పడుతుందని తల వంచుకున్నాను. పడలేదు.

"ఇన్నాళ్లూ నేను సాలన్న్యది దేవునితో కాదు పాపా, ఊరోళ్లతో" అంది. "ఇచ్చే చెయ్యి నాదని గర్వం ఉన్న్యది నాకు. దానికి పసిదాన్ని బలి పెట్టబోయినా."

అని కళ్లొత్తుకుంది. నేను అన్నం వండాను. చెల్లెలికి, నాయనకు పెట్టాక అమ్మను కూర్చోమన్నాను. ఎప్పుడూ తనకు ఆకలిగా లేదని, అందరం తిన్నాక తపేలా గీక్కుని లేచిపోయే మనిషి. ఆ రోజు మాతోపాటు కూర్చుని ప్రార్థన చేసుకుని పెట్టిందంతా తిన్నది. తిని, ఖాళీ అయిన అన్నం తట్ట నా ముందుకు జరిపింది.

"ఇంకొంచెం పెట్టు పాపా," అంది, "ఆకలిగా ఉండాది."