దర్గా చాదర్ల పచ్చ రంగు

చాలా ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. దాని గురించి చెప్పే ముందు, అందులో తెలిసినదెంతో, విన్నదెంతో వేరు చేసి పెట్టాలి. నా చదువు నేర్పిన అలవాటు అది. ఎవరు ఏ మాట చెప్పినా ముందు ఆ పని చేసే నేను, ఈ ఒక్క విషయంలో ఇన్నేళ్లూ చేయలేదు.

ఖాయంగా తెలిసినవి ఇవి. డెబ్బైల మొదట్లో, ఒక ఎండాకాలపు ఉదయం, శాలిబండలో మా గల్లీ చేదబావి నీళ్లు ఆకుపచ్చగా మారాయి. ఆ రంగు, అదే గల్లీలో బట్టలకు రంగు వేసే యూసుఫ్ భాయ్ కలిపినది. ఆ ఎండాకాలం ముగిసేలోపే ఆయన భార్యాపిల్లలతో గల్లీ విడిచి వెళ్లిపోయాడు.

విన్నవి ఇవి. కక్షతో పోశాడని కొందరన్నారు. రంగు కాచే డేగిసాలు తెచ్చి బావిగట్టు మీద కడిగాడని కొందరన్నారు. పిల్లల రోగాలకు ఆ రంగే మూలమని దాదాపు అందరూ అన్నారు. వీటిలో ఒక్కటీ నిజం కాదు. కాదని నాకెలా తెలుసు?

ఆ రంగు పోసింది నేను.

రాసేశాను. ఈ వాక్యం ఇంత చిన్నదని ఇంతకాలం నాకు తెలియదు.

ఇప్పుడు వరుసగా చెబుతాను. అప్పట్లో నేను ఒక కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పేవాణ్ని. గల్లీలో అందరికీ మాస్టర్ సాబ్‌ని. మునిసిపాలిటీ నల్లా నీళ్లు ఎండాకాలంలో సన్నగిల్లితే, హిందువులూ ముస్లింలూ, కొలువులవాళ్లూ కూలివాళ్లూ అందరూ ఆ బావి మీదనే ఆధారపడేవారు. బావికి ఒక పక్క యూసుఫ్ భాయ్ కొట్టు. రాగి డేగిసాలు, తాళ్ల మీద ఆరే దుపట్టాలు, మోచేతుల వరకు రంగులు పట్టిన ఆయన చేతులు. రెండో పక్క మా ఇల్లు, దాని వెనుక మా పెరడు.

ఆ పెరట్లోనే నా తప్పు మొదలైంది. రోజూ ఒకామె వచ్చి మలాన్ని తట్టలో ఎత్తుకుపోయే పాత దొడ్డిని నేను సహించలేకపోయాను. అది అమానుషమని నా వాదన. ఇప్పటికీ అదే నా వాదన. అందుకే గుంట తవ్వించి కొత్త మరుగుదొడ్డి కట్టించాను, గల్లీలో అందరికంటే ముందు. ఇరుగుపొరుగును పిలిచి, దాని గురించి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. బావికీ గుంటకీ మధ్య ఎంత దూరం ఉండాలో నాకు తెలుసు. మా పెరట్లో అంత దూరం లేదు. తవ్వుతుంటే కింద బండ తగిలింది. బండ అడ్డుంది కదా, మురుగు ఎక్కడికీ పోదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బండకు పగుళ్లుంటాయని నాకు తెలియదా? తెలుసు. ఆ రోజు తెలియనట్టు ఉండటం సౌకర్యంగా ఉంది.

తరువాతి ఎండాకాలం గల్లీలో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. దిష్టి తగిలిందని ఒకరు, బావిలో పావురం పడి చచ్చిందని ఒకరు, యూసుఫ్ భాయ్ కొట్టు మురికినీళ్లు ఇంకుతున్నాయని ఒకరు. నేను అన్నిటినీ కొట్టిపారేశాను. రంగువల్ల ఈ రోగం రాదు, నీళ్లలో మలం కలిస్తే వస్తుంది, కాచి తాగండి అని అందరికీ చెప్పాను. మా ఇంట్లో కాచి తాగేవాళ్లం. కట్టెలూ కిరసనాయిలూ వంటకే చాలని ఇళ్లలో ఎవరు కాస్తారు? బస్సు డిపోలో పనిచేసే మల్లేశం చిన్న కూతురు, అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్ల, ఆసుపత్రికి తీసుకుపోయిన మరునాడు చనిపోయింది.

ఆ పిల్లను పాతిపెట్టి వచ్చిన సాయంత్రం, కాళ్లు కడుక్కుంటూ ఉండగా నాకు ఒక ఆలోచన వచ్చింది. గల్లీలో ఈ రోగాలు ఎప్పటినుంచి? మా గుంట వాడకంలోకి వచ్చినప్పటినుంచి.

ఒకదాని తరువాత ఒకటి వచ్చినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు. క్లాసులో ఎన్నిసార్లు చెప్పిన మాటో! దాన్ని పట్టుకుని కొన్ని రోజులు నెట్టాను. చివరికి పరీక్ష చేయాలనుకున్నాను. గుంటలో రంగు పోయాలి, బావిలో తేలుతుందేమో చూడాలి. ఇంతకంటే సులువైన పరీక్ష లేదు. అప్పుడు నేను కోరుకున్నది నిజమా, నా గుంట నిర్దోషి అన్న రుజువా? ఇది అడుగుతూనే ఉన్నాను. రుజువే కోరుకున్నానని అనుకుంటున్నాను.

కాలేజీలో అడిగితే ఎందుకని ప్రశ్నలు వస్తాయి. అందుకే యూసుఫ్ భాయ్ దగ్గరికి వెళ్లాను.

"ఏంది మాస్టర్ సాబ్, హోలీ పోయి మస్తు దినాలాయె గద! ఎవల మీద పోస్తరు?" అని నవ్వాడు.

దూరానికి కూడా కనబడే రంగు కావాలన్నాను. ఒక పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. "దర్గా చాదర్లకు నేనే కలిపిన పచ్చ. షహర్ మొత్తం తిరుగున్రి, ఇంకెవ్వని దగ్గర గిట్లది దొర్కదు." ఎందుకని మళ్లీ అడగలేదు. చదువుకున్నవాళ్ల పనులు చదువుకున్నవాళ్లకే తెలుసని నమ్మే మనిషి.

మిట్టమధ్యాహ్నం, గల్లీ అంతా తలుపులు వేసుకుని పడుకున్న వేళ, రంగును బకెట్టు నీళ్లలో కలిపి గుంటలో పోశాను. కొద్దిగా చాలు. నేను మొత్తం పొట్లం పోశాను. ఏమీ తేలదన్న నమ్మకం అంత గట్టిది. ఒకవేళ తేలినా లేత ఛాయగా, గాజు గొట్టంలో పోసి చూస్తే తప్ప తెలియనంతగా, ఎన్నో రోజుల తరువాత తేలుతుందని అంచనా వేశాను.

మరునాడు తెల్లవారి మొదటి బొక్కెన పైకి రాగానే ఆడవాళ్ల కేకలు వినిపించాయి.

పరిగెత్తుకుంటూ వెళ్లాను. నా జీవితంలో నేను చేసిన పరీక్షల్లో అంత స్పష్టమైన ఫలితం మరొకటి రాలేదు. దాన్ని చూసిన వాళ్లందరిలో దాని అర్థం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

అప్పటికే జనం యూసుఫ్ భాయ్ కొట్టు ముందు మూగారు. మల్లేశం ఇత్తడి బిందె నిండా ఆ నీళ్లు తెచ్చి ఆయన కాళ్ల దగ్గర దించాడు.

"గిది ఎవల రంగు? నువ్వే చెప్పు భాయ్."

యూసుఫ్ భాయ్ వేలు ముంచి, వెలుతురుకు ఎత్తి చూశాడు. కాదని అనవచ్చు. అనలేదు.

"నాదే. రంగైతె నాదే మల్లేశన్నా. అల్లా కసం, నేను పొయ్యలె."

"మరి రంగుకు కాళ్లొచ్చినయా? పొద్దుగాల్నే లేసి బాయిల తానానికి దిగిందా?" వెనుకనుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. ఆయన పక్కింటి ముసలామె, వరుసకు పిన్ని, నెత్తి కొట్టుకుంది. "అరె యూసుఫ్, బాల్‌బచ్చోఁవాలా హై రే తూ, పిల్లలు గల్లోనివి! తాగే నీళ్లల్ల గిట్ల జేస్తరా?" ఆనాడు ఆయన మీద అరిచినవాళ్లకు ఒక మతమని లేదు. ఆ మాట కూడా నమోదు చేయాలి.

మల్లేశం నవ్వలేదు, అరవలేదు. "నా బిడ్డ మీద మట్టి ఇంకా ఆరలె భాయ్," అన్నాడు. "గీ నీళ్లు జూస్తె నాకెట్లుంటది?"

యూసుఫ్ భాయ్ గుంపులో నన్ను వెతికి పట్టుకున్నాడు. "మాస్టర్ సాబ్ ఉన్నరు గద. సైన్సు జదివిన మనిషి. సారూ, మీరు జెప్పున్రి. నా రంగు బాయిలకెట్ల వొయింది?"

అందరూ నా వైపు తిరిగారు.

"పరీక్ష చేయకుండా ఏమీ చెప్పలేను," అన్నాను.

"ఇంకేం పరీక్ష సారూ? బిందెల కనవడ్తలేదా?" అన్నాడు మల్లేశం.

"ఆధారం లేకుండా ఎవరినీ నిందించకూడదు."

యూసుఫ్ భాయ్ నా ముఖం వైపు కాసేపు చూశాడు. తరువాత, "అచ్ఛా," అన్నాడు. అంతే. లోపలికి వెళ్లిపోయాడు.

నేనన్న రెండు వాక్యాలనూ మళ్లీ చదవండి. వాటిలో తప్పు దొరకదు. నా విద్యార్థి ఎవరైనా అని ఉంటే మెచ్చుకునేవాణ్ని. కానీ పరీక్ష అప్పటికే అయిపోయింది. ఫలితం బిందెలో ఉంది. పూర్తి అబద్ధం చెప్పడానికి ధైర్యం చాలక, జీవితమంతా నేను గౌరవించిన మాటలనే తెచ్చి అడ్డం పెట్టుకున్నాను. ఎందుకు? మల్లేశానికి భయపడ్డాను. రంగు మా గుంటలోంచి వచ్చిందని ఒప్పుకుంటే, దాని వెనుకే ఇంకేం వచ్చిందో ఒప్పుకోవాలి. రంగువల్ల ఆ పిల్ల చనిపోలేదని గల్లీలో తెలిసినవాణ్ని నేను. దేనివల్ల చనిపోయి ఉండవచ్చో తెలిసినవాణ్ని కూడా నేనే. ఆ నీళ్లే కారణమని రూఢిగా చెప్పలేమని ఇప్పుడు కూడా అనగలను, శాస్త్రం ప్రకారం అది సరైన మాటే. ఆ మాట వెనుక దాక్కోవడం మాత్రం ఇక వద్దనుకుంటున్నాను.

యూసుఫ్ భాయ్ మీద ఎవరూ చేయి చేసుకోలేదు. ఆయన డేగిసాలను మాత్రం గల్లీలో ఒంపేశారు. మోరీ వెంట ఎరుపు, నీలం కలిసి పారాయి. ఆయన పిల్లల్ని బావి దగ్గరికి రానివ్వలేదు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు రంగుకు బట్టలు ఇవ్వడం మానేశారు. కొట్టు యజమాని ఖాళీ చేయమన్నాడు. ఒక ఉదయం బండి మీద డేగిసాలూ పరుపులూ కట్టుకుని, వాటి పైన చిన్న పిల్లను కూర్చోబెట్టి వెళ్లిపోయారు. నేను కిటికీలోంచి చూశాను. నా భార్య, "పాపం, ఇంత మంచి మనిషి అట్లెందుకు చేశాడో," అంది. ఆమెకు ఈనాటికీ తెలియదు.

ఇక అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది చెబుతాను. ఆ వారంలోనే నేను గుంటను పూడ్పించాను. గోడ కుంగుతోందని మేస్త్రీకి చెప్పాను. అమానుషమని నేను ఉపన్యాసమిచ్చిన ఆ తట్టతోనే దొడ్డి ఎత్తే మనిషి మళ్లీ మా పెరట్లోకి వచ్చింది. గల్లీవాళ్లు బావి తోడించి సున్నం వేశారు. వానలు పడ్డాయి. పిల్లల రోగాలు తగ్గాయి. అప్పుడు గల్లీ మొత్తం ఒకే మాట అంది: "జూసినవా, వాడు వొయినంక పోరగాళ్లు మంచిగైన్రు."

ఎన్నో మార్పులు ఒకేసారి జరిగితే ఫలితం దేనిదో తేల్చలేం. నేను పిల్లలకు మొదటి సంవత్సరంలోనే చెప్పే పాఠం. ఇక్కడ ఆయన పోవడమూ, సున్నమూ, వానలూ అందరికీ కనబడ్డాయి. గుంట సంగతి నాకే తెలుసు. నేను రహస్యంగా చేసిన మంచి పని, యూసుఫ్ భాయ్ మీద పడిన నిందకు రుజువైంది. పుకారుకు లేని ఆధారాన్ని నా చేతులతో నేనే సమకూర్చాను.

కొన్నేళ్ల తరువాత ఒకసారి ఉస్మాన్‌గంజ్‌లో ఆయనను చూశాను. ఒక టోకు దుకాణం ముందు, గోనెసంచుల మీద రేకు అచ్చు పెట్టి, కుంచెతో వ్యాపారి గుర్తులు వేస్తున్నాడు. నల్ల రంగు ఒక్కటే. మోచేతుల వరకు ఇంద్రధనుస్సులా ఉండే ఆ చేతులు బొగ్గులో ముంచినట్టున్నాయి. హమాలీ ఎవరో ఏదో పరాచికమాడితే తల ఎత్తకుండానే నవ్వాడు. అదే నవ్వు. నేను ఎదురుగా, ఎండుమిరపకాయల బస్తాల పక్కన నిలబడ్డాను. ఘాటుకు కళ్లు నీళ్లు కారాయి. ఘాటుకే. దానికి ఇంకో కారణం చెప్పుకునే హక్కు నాకు లేదు. మాట్లాడకుండానే తిరిగి వచ్చేశాను.

ఇప్పుడు ఆ బావి మీద బండ పరిచారు. ప్రతి ఇంటికీ నల్లా ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకు అక్కడ బావి ఉండేదని కూడా తెలియదు. మల్లేశం రిటైరై అరుగు మీద కూర్చుంటాడు. కనబడినప్పుడల్లా, "మంచిగున్నరా సారూ," అంటాడు. ప్రతిసారీ బాగున్నానంటాను. ఈ కాగితం ముందు మొదటిసారి ఆ మాట అనలేదు. అందువల్ల ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది. ఇది క్షమాపణ కాదు, అడగవలసినవాళ్లను నేను అడగనే లేదు. నిజం కనీసం ఒక చోట నిజంలా రాసి ఉంది, అంతే.

ఒక ప్రశ్న మిగిలింది. ఆ పొట్లం తన చేతితో నాకిచ్చిన సంగతి యూసుఫ్ భాయ్ ఆ రోజు ఎందుకు బయటపెట్టలేదు? ఒక్క మాటతో అందరూ నా వైపు తిరిగేవారు. గుర్తురాలేదా? నామీద అనుమానమే పడలేదా? లేక అంతా అర్థమై, నా అంతట నేను చెబుతానని ఎదురుచూసి, చెప్పనని తెలిశాక "అచ్ఛా" అన్నాడా?

జవాబు చెప్పగలిగినవాడు ఆయనొక్కడే. ఆయన మొఘల్‌పురాలో కొడుకు దగ్గర ఉండి చనిపోయాడని ఎవరో చెప్పగా విన్నాను. మొఘల్‌పురా మా ఇంటినుంచి నడిచిపోయేంత దూరం. ఎవరు ఏం చెప్పినా సరిచూసుకోనిదే నమ్మని నేను, ఆ వార్తను మాత్రం సరిచూసుకోలేదు. అది అబద్ధమైతే ఆయన బతికే ఉంటాడు. బతికి ఉంటే, నా ప్రశ్న అడిగే ముందు ఆయన ఆనాడు అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పాలి.