సముద్రపు విమానానికి తాండూరు బండ

మీరిప్పుడు చదవబోయేది ఒక మహా ఇతిహాసం. ఇందులో సముద్రం ఉంది, యుద్ధ విమానాలున్నాయి, దేశ రక్షణ ఉంది, నేలను గడగడలాడించే ఇనుప రాక్షసి ఒకటుంది, చివర ఘోరమైన విధ్వంసం ఉంది. గుండె జబ్బున్నవాళ్ళు పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని చదవండి.

అంత లేదు. తాండూరులో ఒక బండ పగిలింది. పగలగొట్టింది నేను. ఇతిహాసం అనకపోతే మీరు రెండో పేరా దాకా వచ్చేవారా, చెప్పండి?

చైనా యుద్ధం అయిపోయిన కొత్తలో సంగతి. నాకు మీసాలు వచ్చాయి, తెలివి ఇంకా బయల్దేరలేదు. మా మేనమామ నర్సింలు నాపబండల గనిలో నాది మాటల పని. అంటే బండలు తీసేది కూలీలు, లాగేది ఎడ్లు, కొనేవాళ్ళ ముందు కోతలు కోసేది నేను. మా బండ మీద ఏనుగు నడిచినా పగలదని చెప్పేవాణ్ణి. తాండూరులో ఏనుగులు లేవు కాబట్టి ఆ మాటకు ఎన్నడూ ఇబ్బంది రాలేదు.

ఆ ఏడు బేరాలు పడిపోయాయి. స్టేషను పక్కన పేర్చిన బండల సందుల్లో గడ్డి మొలిచింది, పైన మేకలు కాపురాలు పెట్టాయి. ఒక పెద్ద బేరం రాకపోతే మామ గని మూసేసి, బషీరాబాదు పోయి అత్తగారి చేను చూసుకోవాలి. ఆయనకు చేనంటే భయం లేదు, అత్తగారంటేనే భయం. ఆవిడ తిట్టు తెలుగులో మొదలై కన్నడంలో ముగిసేది. మొదటి సగం అర్థమై బాధపడేవాడు, రెండో సగం అర్థంకాక ఇంకా బాధపడేవాడు.

అలాంటప్పుడు కబురు వచ్చింది. సముద్రం ఒడ్డున ఏదో వైమానిక స్థావరానికి బండలు కావాలట, చూసుకోవడానికి ఒక ఆఫీసరు వికారాబాదు డాక్‌బంగళాలో దిగాడట. సరిగ్గా ఆ వారమే హోటల్లో పేపరు చదివాను. సముద్రం మీద కాపలా తిరిగే విమానాలు ముసలివైపోయాయి, వాటి స్థానంలో కొత్తవి కొనే ఆలోచనలో సర్కారు ఉంది అని అందులో రాశారు. ఈ రెండు కబుర్లనూ నా బుర్రలో పక్కపక్కన కూర్చోబెట్టాను. చూస్తుండగానే అవి పెళ్ళి చేసుకున్నాయి. కొత్త విమానాలు వస్తాయి, అవి నిలబడడానికి నేల కావాలి, ఆ నేల మా బండే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. నేను సోమలింగానికి పిల్లను కూడా చూసేశాను.

"గాయనను భద్రంగ తోల్కరా అల్లుడా," అన్నాడు మామ. "నోరు మాత్రం ఇంట్ల వెట్టి పో."

నోరు లేకుండా నేను పోవడమంటే ఇంజను లేకుండా రైలు పోవడమే. వెంట తీసుకుపోయాను.

ఆఫీసరంటే తుపాకుల్లాంటి మీసాలుంటాయనుకున్నాను. తీరా చూస్తే సన్నటి మనిషి, చేతిలో గొడుగు, టిఫిను డబ్బా, అచ్చం లెక్కల మాస్టారు. ఆ ముసలి విమానాల్లోనే ఏళ్ళ తరబడి తిరిగాడట. మోకాలు చెడిపోతే కట్టడాల పనికి మార్చారట. తాండూరు రైలు ఎక్కగానే, అసలు ఆ విమానాల్లో ఏం చేస్తారు సాబ్ అని అడిగాను. ఆయన హిందీలో చెబుతుంటే నేను పెట్టెలోవాళ్ళందరికీ తెలుగులో చెప్పాను.

పొద్దు పొడవకముందే లేస్తారట. కాసేపటికి ఒడ్డు మాయమైపోతుంది. ఆ తర్వాత కింద నీళ్ళు, పైన ఆకాశం, మధ్యలో ఇంజన్ల మోత, అంతే. వాన పడితే విమానం లోపల కూడా పడుతుంది. ఈయన పని కిటికీ దగ్గర కూర్చుని నీళ్ళను చూడడం. సాయంత్రం దాకా చూడడం. ఒక్కోసారి ఒక్క ఓడైనా కనబడదు. అయినా రెప్ప వేయాలంటే భయం, ఆ రెప్పపాటులోనే ఏదైనా దాటిపోతుందేమోనని.

ఆ పెట్టెలో సముద్రం చూసినవాడు ఒక్కడు లేడు. మాకు తెలిసిన మహాజలం అనంతగిరి కొండల్లో పుట్టే మూసీ. పుట్టినచోట అది చెంబులోకి సరిపోతుంది. ఆయన చెప్పే నీళ్ళకు అవతలి ఒడ్డు ఎక్కడుందో ఊహించబోయి అందరమూ మధ్యలోనే మునిగిపోయాం. ఎవరి బీడీయో వేళ్ళ మధ్యే ఆరిపోయింది. ధారూరులో సీతాఫలాల బుట్టతో ఎక్కిన ముసలమ్మ మాత్రం తేరుకుంది.

"సముద్రంల ఏం పారేసుకున్నరు కొడుకా, పొద్దుగూకేదాక దేవులాడుతున్రు?"

ఆ మాట హిందీలోకి మార్చి చెప్పాను. ఆయన నవ్వలేదు. కిటికీలోంచి కంది చేల వైపు చూసి మెల్లగా అన్నాడు.

"ఏమీ పోలేదమ్మా. ఏదీ పోకుండా చూస్తున్నాం."

ముసలమ్మ బుట్టలోంచి పెద్ద పండు తీసి ఆయన చేతిలో పెట్టింది. నాకు పెట్టలేదు. మాట మార్చి చెప్పేవాడికి కూలి ఉండదని ఆ రోజే తెలిసింది.

నిజం చెబుతున్నాను, నా ఒళ్ళు జలదరించింది. మనం ఇక్కడ జొన్నరొట్టె తిని పడుకుంటే, ఎవరో ఒకరు ఉత్త నీళ్ళను రెప్ప వేయకుండా చూస్తున్నారు. బుద్ధున్న ఎవడైనా ఆ మాట విని నోరు మూసుకుంటాడు. నేను తెరిచాను. కొత్త విమానాన్ని మా బండ మీదే నిలబెట్టాలనీ, బండ బలం రేపు పొద్దున కళ్ళారా చూపిస్తాననీ మాటిచ్చాను. ఆయన రెండుసార్లు ఏదో చెప్పబోయాడు. వినయం అనుకుని నేనే ఆపాను.

రోడ్డు పనికి వచ్చిన సర్కారు రోలరు ఒకటి ఊళ్ళో ఉంది. దాన్ని నడిపే ఖాజా మియా నా దోస్తు. విమానానికి మూడు చక్రాలు, రోలరుకు మూడు చక్రాలు, రెక్కలు తప్ప తేడా ఏముందని అడిగాను.

"రెక్కల ఫికరెందుకు? దేశం కోసమంటే రోలరు గూడ ఎగురుతది," అన్నాడు.

బండ పరచడంలో మా ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలిసిన సూత్రం ఒకటుంది. కింద బోలు ఉండకూడదు. మట్టిని బాగా గట్టిపరిచి, బండ అంతా నేలకు ఆనేలా వేయాలి. అప్పుడు ఏనుగు నిజంగానే నడవొచ్చు. ఈ సూత్రం నాకూ తెలుసు. కానీ నేల మీద పరిస్తే జనానికి ఏం కనబడుతుంది? అందుకని నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, మా గనిలోకెల్లా పెద్ద బండను పెళ్ళిపీటలా ఎత్తి కూర్చోబెట్టాను. రోలరు ఎక్కడానికి మట్టితో వాలు కట్టించాను. పసుపు రాసి బంతిపూలు చల్లాను.

పొద్దున ఆఫీసరును వెంటబెట్టుకుని వచ్చిన మామ ఆ పీటను చూసి ఆగిపోయాడు.

"కింద బోలున్నది గదరా, అల్లుడా."

"విమానం పైనుంచి వస్తది మామా, కిందికెళ్ళి రాదు."

సగం తాండూరు అక్కడే ఉంది. రోలరు పొగలు కక్కుతూ కదిలింది. నేల అదిరింది, మేకలు కాపురాలు వదిలి పారిపోయాయి. ముందు చక్రం వాలెక్కి బండ మీదికి వచ్చింది. బండ పగలలేదు. నేను ఆఫీసరు వైపు తిరిగి, సర్కారు తరఫున కృతజ్ఞతలు అందుకోవడానికి చేతులు కూడా జోడించాను.

అప్పుడు వినబడింది. ఆకాశం ఎండు కట్టె అయితే విరిగినప్పుడు అలాగే వినబడుతుంది. బండ నడిమికి రెండైంది. రోలరు ముక్కు నేలలో దిగబడింది, బంతిపూలు గాల్లోకి లేచాయి. అంత గొప్ప శబ్దం తాండూరులో అంతకుముందు ఎవరూ వినలేదు. భయంతో కాదు, భక్తితో నోళ్ళు తెరిచారు.

"భాయ్," అన్నాడు ఖాజా మియా పైనుంచి, చాలా మర్యాదగా. "విమానం దిగింది."

కూర్చుని తింటే కొండలు కరుగుతాయంటారు. నిలబడి కోతలు కోస్తే బండలు పగులుతాయి. మామ ఒక బండల గుట్ట మీద కూలబడి, బషీరాబాదు దిక్కు ఈసారి కంది ఎట్లున్నదని పక్కవాణ్ణి అడుగుతున్నాడు.

ఆఫీసరు మాత్రం బకెట్టు నీళ్ళు తెమ్మన్నాడు. పగిలిన ముక్క మీద ఆ నీళ్ళు పోశాడు. బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, చెడిన మోకాలితో దాని మీద అటూ ఇటూ నడిచాడు. ఏదో దోషానికి పరిహారం చేస్తున్నాడనుకుని ఒకరిద్దరు దండం పెట్టారు.

"జారడం లేదు," అన్నాడు. "ఇదే కావాలి."

విమానం జారదు గదా సాబ్ అని అడిగాను.

"ఏ విమానం? ఏది కొనాలో, ఎక్కడ కొనాలో, పాతదాన్నే ఇంకా కొన్నాళ్ళు నడపాలో ఏదీ తేలలేదు. అది తేల్చే కమిటీ మా దగ్గరికి వస్తోంది. అందరూ పెద్దవాళ్ళు, వాళ్ళకు మంచి పాయఖానా కావాలి. ముందు అదే మంజూరైంది."

మామ గుట్ట మీంచి లేచాడు. "గీ ముచ్చట నిన్న రైల్లనే చెప్పకపోతిరి, సాబ్."

"చెబుదామంటే మీ అల్లుడు మాట్లాడుతున్నాడు."

బేరం కుదిరింది. మామ బషీరాబాదు పోలేదు. దేశ రక్షణకు మా వంతు పునాది అలా పడింది. ఆ ముసలి విమానాలు ఆ తర్వాత కూడా చాలాకాలం తిరిగాయని విన్నాను. ఎవరో ఒకరు కిటికీ దగ్గర కూర్చుని మన కోసం ఉత్త నీళ్ళను చూస్తూనే ఉన్నారన్నమాట. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు కాసేపు మాట రాదు. కాసేపే.

కనుక, పగలని బండ మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట సర్కారు ఏ విమానం కొన్నా, కొనకపోయినా, నేను రోలరు తోలించను.

అన్నట్టు, నాపబండల్ని రైలుకెక్కించేటప్పుడు నిలబెట్టి, మధ్యన ఎండుగడ్డి పెట్టి పేర్చాలి. పడుకోబెడితే పగులుతాయి.