కొండ మీద నిద్రకు ఫీజు

మా అవ్వ నోట్లో వక్కాకు ఉన్నంతకాలం మా ఇల్లు ప్రశాంతంగా ఉండేది. నమలడానికీ మాట్లాడడానికీ ఆమెకున్నది ఒకటే నోరు గనక ఎప్పుడూ నమలడమే గెలిచేది. అలాంటి మనిషి, నాకు పంతులు ఉద్యోగం వస్తే పెనుకొండ కొండ మీద ఒక రాత్రి నిద్ర చేస్తానని స్వామికి మొక్కుకుంది. నిద్ర చేసి దిగేదాకా వక్కాకు ముట్టనని ఆ మొక్కుకే ఇంకో మొక్కు కలిపింది. ఉద్యోగం వచ్చింది. హిందూపురంలో ఒక గది బాడుగకు తీసుకుని అవ్వను తెచ్చుకున్నాను. ఆమె నోరు ఖాళీ అయింది, నా చెవులు నిండాయి.

మాది గొర్రెలు కాసిన ఇల్లు. పంట కోసిన చేలల్లో రాత్రిపూట మా మందను నిలిపేవాళ్లు. మంద పడుకుని లేచిన చేను మరుసటి ఏడు బాగా పండుతుంది. అందుకని రైతులే మావాళ్లను పిలిచి, చేతిలో వక్కాకు పెట్టి మాట ఖాయం చేసుకుని, మంద నిలిచినందుకు జొన్నలో కొర్రలో కొలిచి పోసేవాళ్లు. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ అవ్వ ఆ మందతోనే ఊరూరా పరాయి నేలల మీద పడుకుంది. కుర్చీలో కూర్చుని జీతం తీసుకునే నన్ను చూసి ఊళ్లోవాళ్లు ఆశ్చర్యపోయారు గానీ అవ్వ ఆశ్చర్యపోలేదు. ఆమె పడుకునే సంపాదించింది.

నన్ను చదివించడానికి మా నాయన ఆ మందను అమ్మేశాడు. ఇంట్లో మంద పోయి, నా మందబుద్ధి ఒకటి మిగిలింది.

పంతుళ్లకు సెలవులు రాగానే సద్దిమూటా, అవ్వ కంబళీ పట్టుకుని రైలెక్కాం. మూటలో జొన్నరొట్టెలు, నంజుకోడానికి చెనిక్కాయల ఊరిమిండి. పెనుకొండలో దిగి కొండ మొదటికి చేరేసరికి ఎండ వాలుముఖం పట్టింది. బాటకు అడ్డంగా ఒక వెదురుగడ కట్టి ఉంది. దాని పక్కన చిన్న రేకుల గది. అందులోంచి అడవి గార్డు బయటికి వచ్చాడు. ఖాకీ చొక్కా, గళ్ల లుంగీ. పైసగం సర్కారు, కింది సగం సంసారం.

"రాత్రి ఆడ ఉండల్లంటే ఫీజు కట్టల్ల ఐవారూ," అన్నాడు, నా వాలకం చూసి పంతులునని పోల్చుకుని. "పగలు పొయ్యి దిగొస్తే తక్కువ. నిద్ర చేస్తే వేరే."

నేను జేబులో చెయ్యి పెట్టాను. అవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఎవురు కట్టల్ల?" అంది గార్డుతో.

"మీరే అవ్వా."

"ఎవురికి?"

"సర్కారుకు."

అవ్వ నా వైపు తిరిగింది. "ఈ అబ్బికి ఎవురో తిరగేసి చెప్పినట్లుండాదే. నేల మనదా, వాళ్లదా?"

"వాళ్లదే అవ్వా."

"పండుకునేది మనమా, వాళ్లా?"

"మనమే."

"మరి ఇయ్యల్సింది వాళ్లు గదా!"

గార్డుకు అర్థం కాలేదు. "ఏమవ్వా, సర్కారే నీకు దుడ్లిచ్చి పండబెట్టల్లనా?"

"దుడ్లేం వద్దులేప్పా. జొన్నలు పోయండి చాలు."

అప్పుడు గానీ అతనికి మేం ఏ ఇంటివాళ్లమో తెలియలేదు. నవ్వాడు. "మంద నిలిపితే గదవ్వా జొన్నలు పోసేది! గొర్రెలు యాడుండాయి?"

"అమ్ముకుంటిమి. గొర్రెలు లేకుంటేనేమి, వీడుండాడు గదా," అని అవ్వ నన్ను చూపించింది.

గార్డు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. నా నుంచి ఎన్ని గంపల ఎరువు దిగుతుందో అంచనా వేస్తున్నట్టుగా ఉంది ఆ చూపు.

ఇక నేను పంతులుతనం బయటికి తీయక తప్పలేదు. ఐదో తరగతికి చెప్పిన పాఠమే అవ్వకూ చెప్పాను. "అవ్వా, ఈ కొండ ఏ ఒక్కడిదో కాదు. సర్కారంటే ప్రజలు. ప్రజలంటే మనం. కాబట్టి ఈ కొండ నీది, నాది, అందరిదీ."

"నాదా?"

"నీదీ."

"అయితే నేను ఎవురికి కట్టల్ల?"

బడిలో ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. పిల్లలు బుద్ధిమంతులు. "ఒక లెక్కన నీకు నువ్వే కడుతున్నట్టు," అన్నాను.

అవ్వ కొంగు చివర ముడి విప్పి, అందులోని నాణేలు తీసి, రెండు చేతులతో తనకు తానే ఇచ్చుకుని, మళ్లీ అదే కొంగులో ముడేసుకుంది. "కట్టేస్తిని. గడ ఎత్తప్పా," అంది.

గార్డు ఎత్తలేదు. "అవ్వా, అది చెల్లదు. పైవాళ్లు అడిగితే నా కొలువు పోతాది," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

"నేను కడతాను లేవ్వా," అన్నాను.

"కొనుక్కున్న నిద్ర మొక్కుకు యట్ల చెల్లుతాది? నా నిద్ర నేను స్వామికి ఇస్తాననింటి, కొనిస్తానన్లేదు." అక్కడే ఒక బండ మీద కూర్చుంది. "పద, పోదాం. స్వామికి తెలుసులే నేను వచ్చినట్ల."

పోదాం అన్నదే గానీ లేవలేదు. కాళ్లు పిసుక్కుంటూ కొండకేసి చూస్తోంది. ఖాళీ దవడలు వాటంతటవే ఆడుతున్నాయి. ఇంకో ఏడు ఈమె ఇంత దూరం రాగలదని నాకు నమ్మకం లేదు. కడితే మొక్కు చెడుతుంది. కట్టకపోతే గడ లేవదు. తిరిగి పోతే ఈ మనిషి బతికినన్నాళ్లూ వక్కాకు లేకుండా బతకాలి. పైగా ఎవరి మాట సరైనదో నాకే తెలియలేదు. గార్డు మాట్లాడితే గార్డుది నిజమనిపించేది, అవ్వ మాట్లాడితే అవ్వది. ఇద్దరూ ఊరుకుంటే నాకంటూ ఏమీ అనిపించేది కాదు.

ఎండ ఇంకా వాలింది. గార్డు వచ్చి అవ్వ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, మీ మంద బుక్కపట్నం దిక్కుకు వచ్చేదా?"

"రాకేం? చెరువు దాటినాక చేలల్లో ఏటేటా నిలిపేటోళ్లం."

"మాదీ ఆడనే. మా నాయన మందోళ్లను పిలుచుకొచ్చేటోడు. జొన్నలు మా అమ్మ కొలిచేది."

"సాయిబుల చేనా? బాయి పక్కన?"

"అదే."

"మీ అమ్మ కొలత మంచి కొలతప్పా. తలగొట్టకుండా గోపురం పోసేది," అంది అవ్వ. గార్డు లేచి గదిలోకి వెళ్లి తన వక్కాకు సంచి తెచ్చాడు.

"జొన్నలంటే సర్కారుతో కాదవ్వా. వక్కాకు నేనిస్తా, మా నాయన ఇచ్చినట్ల. ఈ రాత్రికి మా కొండ మీద నిలిచిపోండి. మాట ఖాయమా?"

అవ్వ బండ మీది నుంచి లేచింది. పైట సర్దుకుని, రెండు చేతులూ చాచి అందుకుంది. ఎన్నాళ్లుగానో నోచుకోని వాసన అది. కళ్లు మూసుకుని ఒక్కసారి పీల్చి, నోట్లో వేసుకోకుండా కొంగున ముడేసింది. "ఖాయమప్పా," అంది. తర్వాత నాతో, "నేలగలోడు పిలిచినాడు, మనం పోతాండాం. ఇంగ ఆ ఫీజు యవ్వారం చదువుకున్నోళ్లది. మీరూ మీరూ చూసుకోండి," అని గడ కింద నుంచి వంగి అవతలికి నడిచింది.

నేను ఫీజు కట్టాను. గార్డు చీటీ రాసిచ్చాడు. రమ్మని పిలిచిన వాడికే డబ్బు ఇచ్చి, వచ్చినందుకు వక్కాకు పుచ్చుకుని కొండెక్కాం. ఎవరు ఎవరికి ఎందుకు ఇచ్చారో మెట్టు మెట్టుకూ ఆలోచించాను. ఆయాసం వచ్చింది గానీ అర్థం రాలేదు.

స్వామికి మొక్కి, చదునుగా ఉన్న ఒక తావున కంబళి పరిచింది అవ్వ. పడుకున్న వెంటనే పనిలోకి దిగినట్టు గురక మొదలుపెట్టింది. నాకు రాళ్లు గుచ్చుకుని ఎంతకీ నిద్ర పట్టలేదు. పట్టీపట్టగానే ఆమె నన్ను తట్టి లేపింది.

"లెయ్, పక్కకు జరుగు."

"ఎందుకవ్వా?"

"ఒకే తావున పండుకుంటే నేలంతా యట్ల అందుతాది? వక్కాకు తీసుకోలేదా మనం?"

మంద బెదరకుండా జరిపినట్టు నన్ను రాత్రంతా జరిపింది. తెల్లారేసరికి ఆ చదునులో నేను పడుకోని చోటు లేదు, నిద్రపోయిన చోటూ లేదు.

పొద్దున్నే దిగి వచ్చి గార్డు గది ముందు కొంగు ముడి విప్పింది. ఆకు వాడిపోయింది. దాన్నే తొడకేసి తుడిచి, వక్క పెట్టి, దవడన పెట్టుకుంది. నమలడం మొదలుపెట్టేముందు ఆఖరి మాటగా గార్డుతో అంది: "వానలు పడినాక చూడప్పా మేం పండుకున్న తావు. గడ్డి యట్ల వస్తాదో."

"చూస్తాలేవ్వా," అన్నాడతను.

ఆ తర్వాత మా గదిలో మళ్లీ ప్రశాంతత.

వానలు పడ్డాయి. నాకు పెళ్లి కుదిరింది. చీర తేవడానికి అవ్వా నేనూ రైల్లో ధర్మవరం బయల్దేరాం. పెనుకొండ దాటుతుండగా అవ్వ కిటికీ దగ్గరికి జరిగి, నా భుజం గట్టిగా పట్టుకుని గడ్డంతో కొండకేసి చూపించింది. అవ్వ ముఖం వెలిగిపోతోంది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. కొండంతా పచ్చగానే ఉంది.

"యాడవ్వా?" అన్నాను.

ఆమె మళ్లీ గడ్డం ఎగరేసింది. నోటి నిండా వక్కాకు. ఉమ్మితే తప్ప చెప్పలేదు, ఉమ్మడానికి ఆమెకు మనసొప్పలేదు. రైలు మలుపు తిరిగింది.