శుక్రవారం కడిగిన కారు

2022 మే నెల. ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో ఒక పల్లె. అక్కడ రేకుల షెడ్డులో పదకొండేళ్లుగా కదలకుండా ఉన్న పాత అంబాసిడర్ కారును చూసి చెప్పమని నన్ను ఆత్మకూరు నుంచి తీసుకుపోయారు. నేను వాహన సర్వేయర్‌ని. ప్రమాదంలో దెబ్బతిన్న బండ్లను చూసి, ఏది పోయింది, ఏది మిగిలింది అని బీమా కోసం రాసిచ్చే పని. అంతకుముందు కొన్నేళ్లు ఒక దినపత్రికకు విలేకరిగా చేశాను. పాత బండి కొనేవాళ్లు ముందుగా నాకు చూపించుకోవడం మా వైపు అలవాటైంది.

కొనేది సుధాకర్. ఆత్మకూరులో బట్టల అంగడి. నలభై దాటిన మనిషికి ఇదే మొదటి పాత కారు. భార్యను, ఇద్దరు ఆడపిల్లలను అందులో ఎక్కించుకుని కొండదారి తిరగాలని కోరిక.

"ఉదయగిరి బండి అన్నా. సముద్రం గాలే తగల్లా. తుప్పు మాటే ఉండదు," అన్నాడు దారిలో.

నేనూ అవునన్నాను. సముద్రం పక్క బండ్లను ఉప్పుగాలి తినేస్తుందని, మెట్ట ప్రాంతపు బండ్లలో ఇనుము చెడదని మా పనిలో అందరూ నమ్మే మాట.

కారు రమణమ్మ గారిది. డెబ్బై ఏళ్ల రైతు ఇల్లాలు. భర్త మోజుపడి కొన్న కారు. పదకొండేళ్ల కింద ఆయన పోయాక పాత ఇనుము వ్యాపారి రెండుసార్లు వచ్చినా ఆమె తిప్పి పంపేసింది. "ముక్కలు చేసేవాళ్లకు ఇయ్యను నాయనా. రోడ్డు మీద తిప్పేవాళ్లయితేనే తీసకపోండి," అని ముందే చెప్పింది.

ముందురోజే మెకానిక్ వచ్చి కొత్త బ్యాటరీ పెట్టి, కార్బురేటర్ శుభ్రం చేసి పోయాడు. నాలుగోసారికి ఇంజన్ అందుకుంది. పొగ పలచగానే వచ్చింది. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు, బండి మీద చెక్కిన నంబరు ఒకటే. ఆర్‌సీ గడువు తీరింది, అది మళ్లీ చేయించుకోవచ్చు. నా దగ్గర గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం ఉంటుంది. తుప్పు కనపడకుండా పుట్టీ పూసి కప్పిన చోట అది అంటదు. ఈ కారు తలుపుల మీద, బానెట్ మీద అంతటా అంటింది. రంగు కూడా మెరుస్తోంది.

సుధాకర్ అప్పటికే ఇంటికి ఫోన్ చేశాడు. "కాగితాలు అయిపోతానే పోదాం అని పిల్లోళ్లకు చెప్పు," అంటున్నాడు. బాగుంది అని రాయడానికి నేనూ పెన్ను తీశాను.

అప్పుడు రమణమ్మ గారు సగం బకెట్టు నీళ్లతో వచ్చింది. ఆ రోజు శుక్రవారం. "పోయే బండి గదా, కడిగి పంపిస్తా," అంటూ కారు నెత్తిన నీళ్లు పోసింది. ఊళ్లో నీళ్లకు కరువు, రెండు రోజులకోసారి ట్యాంకర్ వస్తోంది.

"వారం వారం కడుగుతారా అమ్మా?" అన్నాను.

"ఆయన ఉన్నప్పుడు ఆయనే కడిగేవాడు. శుక్రవారం పొద్దున్నే కడిగి, బొట్టు పెట్టి, కొండాపురం దాకా పోయొచ్చేవాడు. ఆయన పోయినాక నేను కడగతా ఉండా. ఒక్క వారం తప్పలా. ట్యాంకర్ రాకపోయినా దీనికి ఒక బిందె ఎత్తిపెట్టేదాన్ని."

"కడిగినాక నడిపేదెవరు?"

"ఎవురుండారు నాయనా, నడపను?"

పెన్ను జేబులో పెట్టి, గోనెసంచి పరుచుకుని బండి కిందకు దూరాను. తలుపుల కింద పొడవునా ఇనుప పెట్టెలా ఉండే భాగాన్ని సిల్ అంటారు. బండి బలమంతా అక్కడే. లోపలికి దిగిన నీరు జారిపోవడానికి దాని అడుగున చిన్న రంధ్రాలుంటాయి. అవి మన్నుతో పూడిపోయాయి. స్క్రూడ్రైవర్ పెట్టి సిల్‌ను నొక్కితే పిడి దాకా దిగబడింది. తుప్పు పెళ్లలు ముఖం మీద రాలాయి. బయటికి వచ్చి డ్రైవర్ సీటు ముందున్న మ్యాటు ఎత్తి చూశాను. షెడ్డు నేల కనిపించింది.

సుధాకర్‌ను పక్కకు పిలిచి చూపించాను.

"పైకి కనపడేది కాదు గదా అన్నా. మెల్లగా పోతాలే."

"నువ్వు మెల్లగా పోతావు. ఎదురొచ్చే లారీ మెల్లగా రాదు. పక్కనుంచి తగిలితే పిల్లోళ్లకు అడ్డం ఏముండాది?"

"ఏందన్నా ఇది! ఇంటికి ఫోన్ గూడా చేస్తినే!" అని విసుక్కున్నాడు. ఆ తర్వాత కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక తలుపు దగ్గర ఆగిపోయాడు. పిల్లలు కూర్చోవాల్సింది అక్కడే.

ఇక ఆమెకు చెప్పాలి. బండి పాతదైపోయిందని ఒక్క మాట అనేసి వచ్చేయవచ్చు. కానీ మేం వద్దని పోతే, తర్వాత వచ్చేది ఇనుము వ్యాపారే. అప్పటిదాకా ఆమె అందులో నీళ్లు పోస్తూనే ఉంటుంది.

"ఏమైంది? నిజం చెప్పు నాయనా," అంది.

"ఆయన కడిగి నడిపేవారమ్మా. గాలికి ఆరిపోయేది. మీరు కడిగారు, బండి కదల్లేదు. పదకొండేళ్ల తడి లోపలే ఉండిపోయింది."

ఆమె చేతిలో బకెట్టు అలాగే ఉంది. "అంటే నేనే తినేసినానా దీన్ని?"

సుధాకర్ వచ్చి ఆమె చేతిలోని బకెట్టు అందుకున్నాడు.

"సగమేలే పెద్దమ్మా. ఇంజన్ ఆడతా ఉండాది గదా. మిగతాది నేను చేయిస్తా. ముక్కలకు ఇయ్యను."

నడపవద్దు, లారీ మీద తీసుకుపొమ్మన్నాను. ఆత్మకూరులో టింకరింగ్‌కు నాలుగు నెలలు పట్టింది. కుళ్లిన ఇనుము కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేశారు. రెండుసార్లు పోయి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాను, దిగలేదు. కాగితాలు అయ్యాక సుధాకర్ కుటుంబంతో ఆ పల్లెకు బయలుదేరుతూ నన్నూ ఎక్కించుకున్నాడు. కావాలనే శుక్రవారం పెట్టుకున్నాడు.

రమణమ్మ గారు అలవాటు కొద్దీ బకెట్టు తెచ్చింది. కారు దగ్గరికి వచ్చి ఆగిపోయి, దాన్ని గోడవారగా పెట్టేసింది. కొంగుతో బానెట్ తుడిచింది.

"ఏంది పెద్దమ్మా, ఈ వారం ఎగ్గొడతావా?" అన్నాడు సుధాకర్. "కడుగు. కడిగినాక నువ్వు గూడా ఎక్కు. కొండాపురం దాకా పోయొద్దాం."

ఆమె నా వైపు చూసింది. కడగమని తల ఊపాను. ఆమె ముందు సీట్లో కూర్చుంది, వెనక మేం ఇరుక్కున్నాం. ఊరు దాటేసరికి అద్దాల మీద నీటిచుక్కలు వెనక్కి పాకుతూ ఒకటొకటిగా ఆరిపోయాయి. ఆమె వాటినే చూస్తూ కూర్చుంది.

మొదటిసారి పాత కారు కొనేవాళ్లు నన్ను తీసుకుపోతే ఇప్పుడు అయస్కాంతం తర్వాత తీస్తాను. ముందు ఆ ఇంట్లో కూర్చుని, ఈ బండిని ఇన్నాళ్లూ ఎట్లా చూసుకున్నారో చెప్పమంటాను. అంతా విన్నాకే గోనెసంచి పరుస్తాను.