నాకు వినపడని పిట్ట పాట

ఆ శనివారం నేను చేసిన తప్పు, మా అమ్మాయి నాలుగు రోజులు తెల్లవారుజామునే లేచి టేపులో పట్టిన పాటను చెరిపేయడం. చెరిపానని కూడా నాకు తెలియలేదు.

సోమవారం బడిలో తను గూని తిమింగలాన్నీ, మా కోయంబత్తూరు వీధుల్లో గుండు కరిచాన్ అనే నలుపు తెలుపు పిట్టనూ పోల్చి మాట్లాడాలి. టీచరు ఇచ్చిన క్యాసెట్టులో ఒకవైపు తిమింగలం పాట ఉంది. ఖాళీగా ఉన్న రెండోవైపు పిట్ట పాటను, అరువు తెచ్చిన టేప్‌రికార్డరుతో పెరటి గోడ దగ్గర తానే పట్టింది.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు మొదటివైపు పెట్టి విన్నాను. కదలలేకపోయాను. నేను పనిచేసే మిల్లు మొత్తం ఒక్క గొంతుతో మూలిగినట్టుంది. బస్సంత జంతువు, తోటి మగవాటిని విని నేర్చుకున్న పాటట అది. రెండోవైపు తిప్పితే బుస్సుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఖాళీ అనుకుని, మా అమ్మ పాడే దంపుళ్ల పాట మొత్తం నా గొంతుతో ఎక్కించాను.

అమ్మాయి వచ్చి విని ఏడ్చింది.

"పోచ్చు నాయనా, అంతా పోచ్చు! నాలుగు దినాలు లేచి పట్టింటినే!"

"ఏముండాదే అందులో? వట్టి టేపు!" అని గద్దించాను.

వంటింట్లోంచి నా భార్య అంది: "వట్టిదా? బిడ్డ పెట్టినప్పుడు ఇల్లంతా మోగింది మామా. సెవులు మిల్లుకిచ్చేసినావు, రోషం మట్టుం ఇంటికి తెస్తా ఉండావు."

ఇరవై రెండేళ్లుగా మగ్గాల షెడ్డులో ఉన్నాను. సన్నని శబ్దాలు ఎప్పుడో పోయాయి. ఆ సంగతి దాచి, పిట్టే మూగబోయిందని అందరితో అంటూ వచ్చాను.

ఆదివారం తెల్లవారుతుండగా గోడ పక్కన కూర్చున్నాను. పిట్ట వచ్చి వాలింది. షెడ్డు హోరులో మేం పెదవులు చూసే మాటలు పట్టుకుంటాం. అలాగే దాని ముక్కు చూశాను. ముక్కు తెరుచుకుని, గొంతు మీది ఈకలు వణకగానే బటన్ నొక్కాను. తోక నిక్కబొడుచుకుని ఎంతసేపు పాడిందో! చాలా దూరం వినిపించాలంటే తిమింగలమంత ఒళ్లు కావాలనుకునేవాణ్ణి. పిడికెడు కూడా లేని ఇది వీధంతా నింపుతోంది, నేను తప్ప అందరూ వింటున్నారు.

అమ్మాయిని లేపి క్యాసెట్టు చేతిలో పెట్టాను. "నాకు సన్న సద్దు వినపడదమ్మా. నిన్న చెప్పకుండా నీ మీద అరిచినాను. నువ్వే విని చెప్పు, ఉండాదా?"

తను టేప్‌రికార్డరుకు చెవి ఆనించి విని, నవ్వింది. "ఉండాది నాయనా. నడుమ నీ దగ్గు కూడా ఉండాది."

సోమవారం వెలుగు రాకముందే మళ్లీ టేప్‌రికార్డరుతో గోడ దగ్గర కూర్చున్నాను, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని.