పట్టాల మీద మరియమ్మ బిందె

నలభై ఏళ్ళుగా ఒక బిందె మోస్తున్నాను. నాది కాదు. ఇంకొకరిది ఎత్తుకొచ్చి, నాదేనని ఊరంతా తిప్పి చూపించాను. ఇన్నాళ్ళూ బరువనిపించలేదు. పోయిన నెలలో దానికి పూలదండ వేశారు, అప్పటినుంచి మెడ నిలవడం లేదు. నీకు చెప్తున్నాను. నువ్వు మా ఊరి మనిషివి కాదు, అదే మంచిది.

నంద్యాల, ద్రోణాచలం మధ్య రైలు మార్గంలో ఉంటుంది మా ఊరు. ఊరుందని రైలు ఆగలేదు, రైలు ఆగిందని ఊరు పుట్టింది. బొగ్గింజనుకు దాహం వేసే చోట లోతుగా బావి తవ్వి, ఎత్తుగా ఇనుప తొట్టి నిలబెట్టారు. ఇంజను తాగేంతసేపు జనం దిగారు. దిగినవాళ్ళకు టీ కావాలి గదా, మా నాయన కొట్టు పెట్టాడు. ఆ తర్వాతే శనక్కాయల మండీ, మసీదు, చర్చి, పెద్దమ్మ గుడి. ఊరికి పునాది మా టీ కొట్టేనని శానామందికి చెప్పాను. కొంచెం ఎక్కువే చెప్పానేమో, పూర్తిగా అబద్ధమైతే కాదు.

వరసగా మూడేళ్ళు వాన పడని కాలం. ఊరి బావులన్నీ ఎండిపోయాయి. రైల్వే బావిలో మాత్రం నీళ్ళు. అవి ఇంజనుకే, మనుషులకు ఇవ్వకూడదు. పంపు నడిపే అబ్రహామన్న ఎవరికీ ఇవ్వలేదు. తొట్టి నిండినా పంపు ఆపడం మరిచిపోయేవాడు, అంతే. రోజూ పొద్దున సరిగ్గా పదింటికి మరిచిపోయేవాడు. పొర్లిన నీళ్ళు కంచె అవతలికి కారేవి, అక్కడ బిందెలు బారులు తీరి ఉండేవి. స్టేషన్ మాస్టరు ఆ వేళకు కిటికీ వైపు వీపు తిప్పి పేపరు చదివేవాడు. ఊరంతా నోరు మూసుకుంది. నేను తప్ప.

ఒకరోజు తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరు నా కొట్టు దగ్గర టీ తాగుతూ, "ఇంత కరువులో ఈ ఊరు ఎట్లా బతుకుతోందయ్యా?" అన్నాడు. ఊరకుంటే పోయే మాట. కానీ అంత పెద్ద మనిషి, నేను చెప్తే వినడానికి ఎదురుగా నిలబడి ఉంటే!

"అంతా నా పుణ్యం సార్. దినామూ పదింటికి తొట్టి పొర్లిస్తాండా."

"నువ్వా? పంపు నీ చేతిలో ఉందా?"

ఆయన గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. "నేను కాదు సార్, అబ్రహాము," అన్నాను.

ఎందుకన్నాను? భయమా? భయమే. మరి అంతకుముందు అన్న మాట? అప్పుడు భయం లేదు గదా. కారే ఆ నీళ్ళకు ఊరు దండం పెడుతుంటే, ఆ దండాల్లో నా పేరు లేదని లోపల ఎక్కడో ముల్లులా గుచ్చుకునేది. అది ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడూ తెలుసేమో.

వారంలో అబ్రహామన్నకు బదిలీ కాగితం వచ్చింది. దూరం, భాష తెలియని చోటు. అన్న నా కొట్టు దగ్గరికొచ్చాడు.

"యవరు చెప్పింటారప్పా?"

"ఇంగెవరన్నా, మాస్టరే."

"ఆయప్పా? మేం ఒక్క క్యారేరులో తిన్నోళ్ళం గదప్పా!"

నేను టీ వడగట్టి ఆయన చేతికిచ్చాను. పోయే రోజు మాస్టరు చెయ్యి ఊపితే అన్న మొహం తిప్పుకున్నాడు. ఆ మాస్టరు ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో ఎవరూ ఆయన్ను పిలిచి మంచినీళ్ళివ్వలేదు.

ఆ రోజే జరిగింది అసలు సంగతి. సామాను రైలు పెట్టెలోకి ఎక్కించాక, అన్న భార్య మరియమ్మ వదిన ఇత్తడి బిందెతో కిందికి దిగింది. నేరుగా పోయి ఇంజను ముందు పట్టాల మీద బిందె పెట్టి, పక్కన కూర్చుంది.

"లెయ్యమ్మా, బండి పోవాల!" అని డ్రైవరు అరిచాడు.

"పోదువులే నాయనా. నీ ఇంజను తాగింది గదా, మా బిందె గూడా తాగనీ."

అంతే. కంచె అవతలి ఆడవాళ్ళంతా ఇవతలికి వచ్చేశారు. రాగి బిందె, మట్టికుండ, నూనె డబ్బా. పట్టాలు కనపడలేదు. మూడు గంటలు! రైల్లో జనం దిగి చప్పట్లు కొట్టారు. కంచె బయట ఊరికి కొళాయి వేయిస్తామని పైనుంచి మాట వచ్చాకే వదిన లేచింది. నెల తిరక్కుండా కొళాయి వచ్చింది. మొదటి ధార పడ్డప్పుడు ఊరు పెట్టిన కేక నా చెవుల్లో ఇంకా ఉంది. ఏం గెలుపు అది! వదిన ఆ ధార చూడలేదు. అదే రైల్లో పోయింది.

నేను యాడ ఉన్నానంటావా? కొట్టులో, పాల క్యాను వెనక.

ఉపాయం నాదేనని, వదినకు నేనే చెప్పి పంపానని తర్వాత చెప్పుకున్నాను. కాదనడానికి ఆమె ఊళ్ళో లేదు. చూసిన ముసలమ్మలు ఒక్కొక్కరే పోయేకొద్దీ కథ పెరిగింది. పట్టాల మీద పడుకున్నది నేనయ్యాను. ఒక ఇంజను రెండయింది. డ్రైవరు నా కాళ్ళు పట్టుకున్నాడు.

ఇప్పుడు కరెంటు బండ్లు మా ఊరిని చూడకుండానే పోతున్నాయి. పోయిన నెల కుర్రాళ్ళు, రైలు ఆపి నలభై ఏళ్ళయిందని, పాత తొట్టికి రంగు వేసి, నాకు దండ వేసి, మైకు చేతికిచ్చారు. మొత్తం చెప్పేశాను. మొదటిసారి ఒక్క ఇంజను కూడా పెంచకుండా. జనం కడుపు పట్టుకొని నవ్వారు. "తాత యాక్టింగు చూడప్పా! ఇన్నాళ్ళు గెలిచినట్ల చెప్పె, ఇప్పుడు ఓడినట్ల చెప్తాండాడు!" ఈల కూడా వేశారు.

అన్న, వదిన, మాస్టరు, ముగ్గురూ లేరని విన్నాను. క్షమించేవాళ్ళు లేరు. ఉన్నా ఏ మొహంతో అడగను?

మర్నాడు పొద్దున పదింటికి మిగిలిన రంగు డబ్బా తీసుకొని తొట్టి దగ్గరికి పోయాను. రాశాను. "దీన్ని పొర్లించింది అబ్రహాము. రైలు ఆపింది మరియమ్మ. చాడీ చెప్పింది మాస్టరు కాదు, టీ కొట్టాయన." అక్షరాలు వంకరే, కానీ మనిషంత పెద్దవి. ఆగని రైల్లోంచి కూడా చదవొచ్చు. రాస్తుండగానే ఒక బండి దడదడా పోయింది. కిటికీల్లో మొహాలు ఇటే తిరిగాయి. అవి నవ్వలేదు. నా ఒళ్ళు పులకరించింది.

ఇప్పుడు నీకూ చెప్పాక మెడ తేలికైంది. ఇంకొక్కటి మిగిలింది. బండి మూడు గంటలు ఆగిందన్నాను చూడు, రెండున్నరే. అదీ దించేస్తున్నాను.