పన్నెండు కార్లు, మునెమ్మ ఉలవలు

ఒక ఆదివారం పొద్దున పన్నెండు కార్లను, వాటిలో కూర్చున్న నలభై ఏడు మందిని నేనొక్కడినే దారి తప్పించాను. ఏదో తొందరలో జరిగిన పని కాదది. పట్టిక వేసుకుని, గడులకు రంగులు అద్ది, చాలా శ్రద్ధగా చేశాను. ఆ ఘనకార్యాన్ని వరుస తప్పకుండా చెబుతాను. నవ్వొస్తే ఆపుకోనక్కర్లేదు. మా కేజీఎఫ్‌లో ఎవరూ ఆపుకోలేదు.

ముందు ఆట సంగతి. మా చర్చిలో ఏటా జనవరిలో కార్ల ట్రెజర్ హంట్ ఉంటుంది. బంగారు గనులు నడిచే రోజుల్లో దొరలు మొదలుపెట్టారట. దొరలు పోయారు, గనులు మూతపడ్డాయి, ఆట మాత్రం మిగిలింది. ఒక్కో కారువాళ్లు చందా కట్టి పేరు రాయించుకుంటారు. బయలుదేరేటప్పుడు అంటించిన కవరు ఒకటి ఇస్తాం. లోపల పొడుపుకథ. దాన్ని విప్పితే ఒక చోటు తెలుస్తుంది. అక్కడ మా మనిషి ఒకరు పెట్టె పెట్టుకుని కూర్చుని ఇంకో కవరు ఇస్తారు. అలా అయిదు కవర్లు దాటితే చివరి చోట నిధి. నిధి అంటే పెద్దగా ఊహించుకోకండి, బిస్కెట్ల డబ్బాలో ఒక వెండి గ్లాసు. దాని కోసం మావాళ్లు అల్లుళ్లతో కూడా మాట్లాడటం మానేస్తారు.

వచ్చిన చందా ఏదో ఒక మంచిపనికి పోతుంది. ఆ ఏడు చర్చి వెనక ఆడవాళ్ల కుట్టు క్లాసు పైకప్పుకు. కిందటి వానాకాలంలో అక్కడ పదకొండు మిషన్లు, తొమ్మిది గొడుగులు. గొడుగులు మనుషులకు కాదు, మిషన్లకు. ఈ వానలు మొదలయ్యేలోపు రేకులు మార్చకపోతే క్లాసు మూసేయాలి. పదకొండు మంది ఆడవాళ్ల సంపాదన ఆ ఆదివారం మీద, అంటే నా మీద, ఆధారపడి ఉంది.

నా మీద ఎందుకంటే, ముప్పై ఏళ్లుగా పొడుపుకథలు రాస్తున్న దానియేలు మామకు కంట్లో పొర వచ్చింది. మామ గనుల్లో సర్వేయరుగా చేసి రిటైరైన మనిషి. భూమి కింద మైలు లోతున రెండు వైపుల నుంచి తవ్వుకొచ్చే సొరంగాలు ఒకే చోట కలిసేలా గీతలు గీసినవాడు. ఆయన తన పాత నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "రెండే మాటలప్పా. ఒకటి, కవర్లు అంటించే ముందు ఇంకొకరి చేత చదివించు. రెండు, ఆట నడిపేవాడు అందరికన్నా చివరి బండిలో పోవాల" అన్నాడు.

నేను ఇంజనీరింగ్ చదివినవాడిని. బెంగళూరులో ఒక కంపెనీలో నాణ్యత తనిఖీ నా ఉద్యోగం. నాణ్యత తనిఖీ అన్న మాటను కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు మీకు సరదాగా ఉంటుంది. "మామా, ఇప్పుడు కాలం మారింది. అన్నీ సిస్టంలో ఉంటాయి" అని నోటుబుక్కు తిరిగిచ్చేశాను.

ఆ సిస్టం ఎలాంటిదంటే, ముందుగా నిబంధనలు పద్నాలుగు. రెండో నిబంధన: ఆడేవాళ్లు, కవర్లిచ్చేవాళ్లు అందరూ ఫోన్లు నాకు అప్పగించాలి. నాలుగో నిబంధన: కవర్లిచ్చేవాళ్లు నోరు తెరవకూడదు. ఆరో నిబంధన మామ కాలం నుంచి ఉన్నదే: కవరులో తప్పుంటే అందరి చందా వాపసు. దాన్ని నేను పెద్ద అక్షరాల్లో వేయించాను. నా మీద నాకు అంత నమ్మకం.

ఇక రహస్యం. మా అమ్మ కూడా మా చిన్నాన్న కారులో ఆడుతోంది. నేను కంప్యూటరులో పొడుపుకథల పట్టిక వేస్తుంటే గంటకొకసారి కాఫీ తెచ్చేది. మా ఇంట్లో గంటకొకసారి కాఫీ ఇచ్చే ఆచారం లేదు. అందుకని చివరి చోటు ఆవని కొండ అని తెలిపే అయిదో వరుసను తెర మీద కనబడకుండా దాచేశాను. తర్వాత ఫైలు జెరాక్స్ షాపు అక్కకు పంపి, "అక్కా, చదవొద్దు. అయిదు రకాలు, రకానికి పన్నెండు. మడిచి, కవర్లో పెట్టి, అంటించెయ్" అన్నాను. అంటించిన కట్టలు అయిదూ వరుసగా వచ్చాయి. లెక్కపెట్టాను. అరవై. నాణ్యత తనిఖీ అయిపోయింది.

ఆదివారం తొమ్మిదింటికి చర్చి మైదానంలో నిలబడి, "ఈసారి ఒక మెలిక ఉంటుంది, బుర్ర పెట్టి ఆలోచించండి" అని ప్రకటించాను. మెలిక ఏమీ లేదు, ఊరికే గొప్ప కోసం అన్నాను. ఈ ఒక్క మాటే ఆ తర్వాత నా కొంప ముంచింది. పన్నెండు కార్లు దుమ్ము లేపుకుంటూ పోయాయి. ఒకటో కవరు గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బకు, రెండోది బేతమంగళం చెరువుకు, మూడోది బైరకూరు దగ్గర బస్ షెల్టరుకు, నాలుగోది దానికి మూడు కిలోమీటర్ల అవతల పాల డైరీకి, అయిదోది ఆవనికి.

నేను మామను బైకు మీద ఎక్కించుకుని నేరుగా ఆవని కొండ కిందికి పోయి కూర్చున్నాను. పక్కన వెండి గ్లాసు, రెండు డేక్సాల బిర్యానీ, ఒక గోనెసంచి నిండా ఫోన్లు.

"చివరి బండిలో పోకుండా ఇక్కడ కూర్చున్నామేమప్పా?" అన్నాడు మామ.

"అది పాత పద్ధతి మామా. నా లెక్క ప్రకారం మొదటి కారు పదకొండున్నరకు వస్తుంది."

పదకొండున్నరకు ఒక మేకల మంద వచ్చింది. పన్నెండున్నరకు బిర్యానీ చల్లారింది. ఇళ్ల దగ్గరున్నవాళ్లు చేస్తున్నారేమో, సంచిలో ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి మోగుతున్నాయి, కోళ్లగూట్లో పిల్లి దూరినట్టు.

"ఎత్తకూడదా?" అన్నాడు మామ.

"నిబంధన రెండు మామా."

"గనిలో దిగినోళ్లు పైకి రాకపోతే, పైన కూర్చుని నిబంధన చదువుకుంటామా అప్పా?"

నేను జవాబు చెప్పేలోపు ఒక పాల వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏం సార్, మీరేమన్నా బైరకూరు పెండ్లికి వచ్చినోళ్లా?" అన్నాడు.

"ఏం పెండ్లి?"

"ఏమో సార్. ఆ రోడ్డులో పది పన్నెండు కార్లు ముందుకు పోతాయి, మళ్లీ వెనక్కి వస్తాయి. మళ్లీ పోతాయి. పెండ్లికొడుకు యాడన్నా పడిపోయినాడేమో, వెతుకుతా ఉండారు."

మామ బిర్యానీ మీద మూత సరిగా పెట్టి, ఫోన్ల సంచి భుజాన వేసుకుని లేచాడు. "పోదాం పా అప్పా. చివరి బండి ఇప్పుడు మనదే."

బైరకూరు రోడ్డులో నేను చూసిన దృశ్యం ఇది. మాకు తెలిసిన సంగతే, కోత అయినాక ఉలవ చెట్లనో రాగి వెన్నులనో తారురోడ్డు మీద పరుస్తారు. పోయే బండ్లు తొక్కి గింజ రాలుస్తాయి. అక్కడ ఒక ఫర్లాంగు పొడుగునా ఉలవలు పరిచి ఉన్నాయి. దాని మీద మా పన్నెండు కార్లు, ఒకదాని వెనక ఒకటి, ఎద్దుల కన్నా బుద్ధిగా తొక్కుతూ పోతున్నాయి. రోడ్డు పక్కన ఒక పెద్దామె చీర కుచ్చెళ్లు దోపుకుని, కర్ర ఊపుతూ, "ఓ తెల్ల కారప్పా! ఎడమ పక్క ఇంగా తొక్కలేదు, అట్ల రా! ఓ అమ్మా, నీ డ్రైవరుకు మెల్లగా పొమ్మను, గింజ ఎగిరిపోతాది!" అని కేకలేస్తోంది. ఆమే మునెమ్మ.

బస్ షెల్టరులో మా రూతమ్మత్త పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లు హెడ్ మిస్ట్రెస్‌గా చేసింది. ఒక పని చెబితే ఆకాశం విరిగి పడినా ఆపదు.

"అత్తా, ఏం జరుగుతా ఉంది?"

"ఏముండాది? వచ్చినోళ్లకు కవరియ్యి, నోరు తెరవద్దు అన్నావు. నాలుగు తూర్లు వచ్చినారు, నాలుగు తూర్లు ఇచ్చినా."

"కవర్లు పన్నెండే కదా?"

"చదివినోళ్ల దగ్గర వెనక్కి తీసుకుని మళ్లీ అంటించినా. జిగురు లేకపోతే మునెమ్మ ఇంటి నుంచి సంకటి ముద్ద తెప్పించుకున్నా."

అప్పుడు లాయరు సుందరం కారు ఆగింది. ఆరో నిబంధనను నాకంటే బాగా కంఠతా పట్టిన మనిషి ఆయన. చేతిలో కవరు ఊపుతూ దిగాడు. "ఏం తంబీ! ఇక్కడి కవరు పాల డైరీకి పొమ్మంటుంది. డైరీలో కవరు చూడు."

చదివాను. "గోడలు మూడే, తలుపు లేదు, కాపురం ఎవరూ ఉండరు, అందరూ ఎదురుచూస్తారు." బస్ షెల్టరు. నా మూడో పొడుపుకథ, అయిదో కవరులో.

"మరి మొదటిసారే ఆగిపోలేదేమండీ?" అన్నాను, అతి బలహీనంగా.

"మెలిక ఉండాదని నువ్వే కదా చెప్పినావు! మొదటి తూరి గోడలు లెక్కపెట్టినాం. రెండో తూరి షెల్టరు కప్పెక్కి చూసినాం. మూడో తూరి నా భార్య డైరీలో ఆవులను కూడా లెక్కపెట్టింది. పదిహేడు. దానికేమన్నా అర్థం ఉండాదా?"

నేను సంచిలోంచి నా ఫోను వెతికి తీసి జెరాక్స్ షాపు అక్కకు కొట్టాను.

"అయిదు రకాలన్నావు, నీ ఫైల్లో నాలుగే ఉన్నాయప్పా" అంది ఆమె. "లెక్క తక్కువైతే బాగుండదు కదా అని, మూడోది అచ్చు చక్కగా పడింటే అదే ఇంకో పన్నెండు తీసి పెట్టినా. చదవలేదు, నీ ఆన."

దాచిన వరుస! మా అమ్మ కంట పడకూడదని దాచింది ప్రింటరు కంట కూడా పడలేదు. నేనీ సంగతి పైకే చెప్పగానే, వెనక వచ్చి ఆగిన చిన్నాన్న కారులోంచి మా అమ్మ తల బయటపెట్టి, "ఆవని కదరా? నాకు గురువారమే తెలుసు. బిర్యానీ యాడికి పంపాలని వంటాయన ఇంటికే వచ్చి అడిగినాడు. తెలిసీ పోతే మోసమని గమ్మున వీళ్లతో పాటు తిరగతా ఉండా" అంది.

సుందరం గొంతు సవరించుకున్నాడు. "సరే తంబీ. నిబంధన ఆరు. కవరులో తప్పు. అందరి చందా వాపసు."

కార్లన్నీ ఆగిపోయాయి. దానియేలు మామ నా వైపు చూడలేదు, అదే ఎక్కువ బాధ. నా కళ్ల ముందు పదకొండు మిషన్లు, తొమ్మిది గొడుగులు వరుసగా నిలబడ్డాయి. రాసింది నేను, వేయించింది నేను, కాదనడానికి లేదు.

"ఏమప్పా, ఎందుకు నిలబడిపోయినారు?" అని మునెమ్మ కర్రతో సహా వచ్చింది. మామ ఆమెకు అంతా చెప్పాడు: కుట్టు క్లాసు, రేకులు, తప్పు కవరు, వాపసు. ఆమె విని నన్ను పైనుంచి కిందికి చూసింది.

"తప్పు రాసింది ఈయప్పేనా?"

"నేనేనమ్మా."

"నాలుగు దినాలుగా ఉలవలు తొక్కే ట్రాక్టరోడు ఇదో వస్తా అదో వస్తా అని తిప్పినాడు. వానమబ్బు పట్టింది, ఇంగ పంట మొలకెత్తిపోతాదని నిన్న ఏడ్చినా. పొద్దున లేస్తే దేవుడు పన్నెండు కార్లు పంపినాడు." ఆమె సుందరం వైపు తిరిగింది. "నీ దుడ్డు నీకు కావాలా సామీ?"

"రూలు అట్ల ఉండాదమ్మా."

"సరే, తీసుకో. ఎవరు వద్దన్నారు? నువ్వు తొక్కి రాల్చిన ఉలవలన్నీ మళ్లీ కాయల్లో పెట్టేసి పో."

మొదట నవ్వింది సుందరం భార్య. ఆ తర్వాత కారు కారుకూ పాకింది. రూతమ్మత్త కూడా నవ్వింది, నాలుగో నిబంధన పక్కనపెట్టి. సుందరం కాసేపు న్యాయశాస్త్రమంతా మనసులో తిరగేసి, ఉలవలను కాయల్లో పెట్టే సెక్షను దొరకక, "వాపసు పిటిషను వెనక్కి తీసుకుంటున్నా" అన్నాడు. మునెమ్మ ఒక మూట ఉలవలు తెచ్చి పైకప్పు కోసమని ఇచ్చింది. మామ అక్కడే రోడ్డు మీద వేలం పెట్టాడు. సుందరమే పాడుకున్నాడు. ఆ రాత్రి వాళ్లింట ఉలవచారు వాసన మూడు వీధులకు వచ్చిందని వినికిడి. వెండి గ్లాసు గెలిచినవాళ్లు లేరు కనుక మునెమ్మకే ఇచ్చాం. వానలకు ముందే రేకులు పడ్డాయి.

ఇక నా ప్రతిజ్ఞ. ఏ పట్టికలోనూ, ఏ కారణం చేతనూ, కన్నతల్లి కాఫీ తెచ్చినా సరే, ఒక్క వరుసను కూడా దాచను. అంటించే ముందు ఇంకొకరి చేత చదివిస్తాను. చివరి బండిలోనే పోతాను. ఈ మూడు మాటలూ తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి, దానియేలు మామకు ఇచ్చాను.

ఆయన కాగితాన్ని కంటి దగ్గరికి తెచ్చుకుని నిదానంగా చదివి, నాలుగు మడతలు పెట్టి నాకే తిరిగిచ్చాడు.

"మునెమ్మ నిన్న మనిషిని పంపిందప్పా. వచ్చే ఏడు వాళ్ల ఊరిలో ఆరు ఇండ్లవాళ్లు రాగులు పరుస్తారంట. కవర్లు నువ్వే రాయాలంట. సరిగ్గా రాసేవాళ్లు వద్దంట."